వెనక లేబుల్ చదవండి, కాస్త చల్లబరచండి: తక్కువ ఖర్చులో మంచి స్పెయిన్ వైన్

అందరికీ నమస్కారం. బల్ల మీద రెండు సీసాలున్నాయి, చూడండి. ఇది రియోహా అనే ప్రాంతపు ఎర్ర వైన్, మామూలు రోజుల్లో భోజనంతో తాగడానికి. ఇది కావా, బుడగల వైన్, క్రిస్మస్‌కో కొత్త సంవత్సరానికో. రెండూ స్పెయిన్‌వే. డల్లాస్‌లో ఉన్నా లండన్‌లో ఉన్నా, తక్కువ డబ్బుకు మంచి వైన్ ఏదని అడిగిన మనవాళ్లకు నేను మొదట చెప్పేది స్పెయిన్ పేరే. ఎందుకంటే వైన్‌ను ఎన్నాళ్లు మాగబెట్టారో అక్కడ నియమాల ప్రకారం సీసా మీదే చెబుతారు. ఊహించనక్కర్లేదు, చదివితే చాలు.

సరే, రియోహా సీసా ఇటు తిప్పుతున్నాను. ముందువైపు కోట బొమ్మలు, బంగారు అక్షరాలు, అవి పక్కన పెట్టండి. వెనక, ఇదిగో, ఇక్కడ, ఈ చిన్న స్టాంపు. దగ్గరగా పెడతాను. ఎరుపు రంగు కదా? క్రియాన్సా. అంటే మొత్తం రెండేళ్లు మాగింది, అందులో కనీసం ఏడాది ఓక్ చెక్క పీపాలో. ముదురు ద్రాక్ష రంగు స్టాంపయితే రెసెర్వా, మూడేళ్లు. నీలమైతే గ్రాన్ రెసెర్వా, ఐదేళ్లు. ఆకుపచ్చ అయితే ఈ లెక్కలు వర్తించవు. ఆకుపచ్చ అంటే నాసిరకమని కాదు, ఖరీదైనవీ ఉంటాయి. కానీ స్టాంపు మాత్రం వయసు చెప్పదు, అంతే.

రోజువారీకి నా ఓటు క్రియాన్సాకే. ద్రాక్ష పండు రుచి ఇంకా తాజాగా ఉంటుంది, పీపా వాసన దాన్ని మింగేయదు. ఇంటికి చుట్టాలొస్తే రెసెర్వా. గ్రాన్ రెసెర్వా వేరే రకం ఆనందం. తోలు, ఎండు పండ్లు, పొగాకు వాసనలు వస్తాయి. అవి నచ్చేవాళ్లకు ఇస్తేనే దానికి విలువ.

మూత తీద్దాం. రేకు ఇలా కోసేయండి, స్క్రూ దింపండి, లాగండి. అయిపోయింది. నేను వాడేది హోటళ్లలో వెయిటర్ల దగ్గరుండే మడత ఓపెనర్, రెండు మెట్లున్నది. రెక్కల ఓపెనర్ కన్నా నాకు ఇదే ఇష్టం. బిరడా విరగదు, జేబులో పడుతుంది, ఖరీదూ తక్కువ.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. మంచి వైన్‌ను కూడా పాడుచేసేది ఇక్కడే. ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని అందరూ చెబుతారు. ఏ గది? ఆ మాట పుట్టింది హీటర్లు లేని పాత ఐరోపా ఇళ్లలో. ఆ గదులు పదహారు, పద్దెనిమిది డిగ్రీలుండేవి. మన వంటగది ఎంతుంది? ఇదిగో థర్మామీటరు, 26. హైదరాబాదులోనో విజయవాడలోనో వేసవిలో అయితే చెప్పనే అక్కర్లేదు.

అందుకే రెండు గ్లాసులు పెట్టాను. రెండింటిలోనూ ఒకే వైన్. ఎడమ గ్లాసులోది పొద్దుటి నుంచి బల్ల మీదే ఉన్న సీసాలోది. కుడి గ్లాసులోది నలభై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసిన సీసాలోది. ముందు ఎడమది వాసన చూస్తాను. ముక్కుకు మొదట తగిలేది ఆల్కహాలు ఘాటు. పండు ఎక్కడో అడుగున ఉంది. గుటక వేస్తే గొంతులో మంట, నోట్లో ఏదో జావలా సాగినట్టుంటుంది. ఇప్పుడు కుడిది. చెర్రీ పండు. వెనకాల కాస్త వనిల్లా, అది ఓక్ పీపా ఇచ్చిన వాసన. అంచుల్లో పులుపు తెలుస్తోంది. అదే ద్రాక్ష, అదే ధర, అదే ఏడాది! తేడా ఆ నలభై నిమిషాలదే. మరీ చల్లబడినా ఇబ్బందే, వాసన మూసుకుపోతుంది, వగరు ఎక్కువవుతుంది. అలా అయితే గ్లాసును అరచేతుల్లో పట్టుకుని కాసేపు ఆగండి, తేరుకుంటుంది. ఇంకా ఖరీదైన సీసా కొనే ముందు ఒక్కసారి ఇలా చల్లబరచి చూడండి. దయచేసి చూడండి.

రుచి చూడటం పెద్ద విద్యేమీ కాదు. గ్లాసులో మూడో వంతు మించి పోయొద్దు. కదపకుండా ఒకసారి వాసన, ఇలా తిప్పి ఇంకోసారి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల చెడిందన్నమాట, దుకాణంలో అడిగితే సాధారణంగా మార్చి ఇస్తారు. బాగుంటే కొంచెం నోట్లోకి తీసుకుని పుక్కిలించినట్టు తిప్పండి. నాలుక పక్కల నీళ్లూరితే అది పులుపు. చిగుళ్లు పట్టేసినట్టుంటే అది వగరు, పచ్చి నేరేడుకాయ కొరికినట్టు. మింగాకో ఉమ్మాకో రుచి ఎంతసేపు నిలిచిందో చూడండి. నాలుగైదు రకాలు చూసే రోజున ఉమ్మేయడమే మంచిది, బండి నడపాల్సినవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

ఇక కావా. ఎక్కువగా బార్సిలోనా దగ్గర పెనెదెస్ ప్రాంతంలో తయారవుతుంది. 1872 నుంచి చేస్తున్నారు. పద్ధతి ఫ్రాన్స్ బుడగల వైన్ షాంపేన్‌దే, రెండోసారి పులియడం ఈ సీసాలోనే జరుగుతుంది. మామూలు కావా కనీసం తొమ్మిది నెలలు, రెసెర్వా పద్దెనిమిది, గ్రాన్ రెసెర్వా ముప్పై నెలలు ఈస్టు మడ్డితో పాటే మాగాలి. మామూలు షాంపేన్‌కు నియమం మొత్తం పదిహేను నెలలు, అందులో మడ్డితో పన్నెండే. పండగకు నేను కొనేది కావా రెసెర్వా. కాల్చిన రొట్టె వాసన వస్తుంది, షాంపేన్ ధరలో చిన్న భాగానికే.

తీపి సంగతి చూడండి, ఇక్కడ రాసి ఉంటుంది. బ్రూట్ నేచర్ అంటే లీటరుకు మూడు గ్రాముల లోపు చక్కెర. బ్రూట్ అంటే పన్నెండు లోపు. సెకో అంటే డ్రై, అంటే తీపి లేనిది కదా అని తీసుకోకండి, అందులో పదిహేడు నుంచి ముప్పై రెండు గ్రాముల దాకా ఉండొచ్చు. తీపి వద్దనుకుంటే బ్రూట్ లేదా బ్రూట్ నేచర్.

చల్లబరచడానికి నా దారి: బకెట్లో ఐసు, నీళ్లు, రెండు గుప్పెళ్ల ఉప్పు. ఇరవై నిమిషాలు చాలు. ఉత్త ఐసు వద్దు, నీళ్లుంటేనే చల్లదనం సీసా అంతటా అంటుకుంటుంది. తీగ విప్పాక బొటనవేలు బిరడా మీద నుంచి తీయకండి. బిరడా కదలకుండా పట్టుకుని సీసాను తిప్పండి. ఇలా. లోపల అయిదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది, ఎవరి మొహం వైపూ పెట్టకండి. చప్పుడు ఎంత తక్కువైతే అంత మంచిది.

మన తిండితో? మిరపకాయ బజ్జీలు, మసాలా గారెలు చేసి కావా పోయండి. పులుపూ బుడగలూ కలిసి నూనెను కడిగేస్తాయి. గుంటూరు కారంతో చేసిన కోడి వేపుడు పక్కన వగరెక్కువ ఎర్ర వైన్ పెట్టకండి, వగరూ ఆల్కహాలూ కలిసి మంటను పెంచుతాయి. గోంగూర మాంసానికీ కావానే, గోంగూర పులుపు ముందు మెత్తటి వైన్ చప్పబడిపోతుంది. స్పెయిన్‌లో డిసెంబరు 31 అర్ధరాత్రి గడియారం కొట్టే ఒక్కో గంటకూ ఒక ద్రాక్ష చొప్పున పన్నెండు తిని కావా తాగుతారు. మా ఇంట్లో పిల్లలకు ద్రాక్షలు, పెద్దలకు రెండూ.

మిగిలితే ఎర్ర వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు బాగుంటుంది. కావాకు ఇదిగో, ఈ బిగింపు మూత కొనండి. సీసా మూతిలో చెంచా పెడితే బుడగలు నిలుస్తాయన్న మాట నమ్మకండి, నిలవవు. నచ్చిన సీసా వెనక లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే దుకాణంలో మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.