పాలిమర్‌లో సెల్యులోజ్ నానోస్ఫటికాలు: బలం ఎక్కడ పుడుతుంది?

సభకు నమస్కారం.

నా చేతిలోని సీసాలో ఉన్నది నీరే. అందులో కొద్ది శాతం సెల్యులోజ్ నానోస్ఫటికాలు, అంటే మొక్కల నారలోని సెల్యులోజ్ నుంచి తీసిన అతి సూక్ష్మ స్ఫటికాలు, కలిసి ఉన్నాయి. మామూలు వెలుతురులో కాస్త మసకగా కనిపించే ఈ ద్రవాన్ని, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ పలకల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పంపేవి) మధ్య పెట్టి కుదిపితే రంగుల చారలు మెరుస్తాయి. లోపలున్న సన్నని కడ్డీలు కదలికకు ఒకే దిక్కుగా వరుస కట్టడమే ఆ మెరుపుకు కారణం.

సెల్యులోజ్ నారలో పొడవాటి అణువుల గొలుసులు ఒద్దికగా పేర్చుకున్న భాగాలూ, చిందరవందరగా ఉన్న భాగాలూ కలిసి ఉంటాయి. సుమారు 64 శాతం గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 45 డిగ్రీల సెల్సియస్ వద్ద ముప్పావు గంటసేపు కలియబెడితే, చిందరవందర భాగాలు ముందుగా తెగిపోయి స్ఫటికాలు మిగులుతాయి. ఆమ్లాన్ని కడిగే దశలో ఒక విశేషం కనిపిస్తుంది. మొదట సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి బరువైనవాటిని అడుగుకు దించే యంత్రం) తెల్లని ముద్ద అడుగుకు దిగి పైన తేట నీరు నిలుస్తుంది. ఆమ్లం తగ్గేకొద్దీ ఆ పై నీరే మసకబారడం మొదలవుతుంది. కొత్తగా చేరినవారు ప్రయోగం చెడిందని దాన్ని పారబోయబోతారు, కానీ మనకు కావలసింది ఆ మసకే. ఆమ్లం స్ఫటికాల ఉపరితలంపై నాటిన సల్ఫేట్ సమూహాల రుణావేశం వల్ల అవి ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ నీటిలో తేలుతున్నాయన్నమాట.

కలప నుంచి వచ్చే స్ఫటికం వెడల్పు కొద్ది నానోమీటర్లు, పొడవు 100 నుంచి 200 నానోమీటర్లు. పొడవు దిక్కున దాని స్థితిస్థాపక గుణకం, అంటే లాగితే సాగకుండా ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే కొలత, 100 గిగాపాస్కల్‌లకు పైనే. గాజు నారకు అది 70 ప్రాంతంలో ఉంటుంది. ఈ సంఖ్య చూసి, స్ఫటికం గట్టిది గనుక కలిపిన ప్లాస్టిక్ కూడా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఎక్కువ నిరాశలు పుట్టేది ఈ లెక్క నుంచే.

బలం నిజంగా ఎక్కడ పుడుతుందో ఒక ప్రయోగం చూపింది. 1995లో ఫావియే, షాన్జీ, కవాయే అనే శాస్త్రవేత్తల బృందం ట్యూనికేట్లనే సముద్ర జీవుల నుంచి తీసిన పొడవాటి స్ఫటికాలను రబ్బరు స్వభావం గల లేటెక్స్‌లో (నీటిలో తేలే పాలిమర్ రేణువుల ద్రవం) కలిపి, నీటిని నెమ్మదిగా ఆవిరి కానిచ్చింది. బరువులో 6 శాతం స్ఫటికాలతోనే ఆ పొర రబ్బరు స్థితిలో దాదాపు నూరు రెట్లు బిగిసింది. నీరు ఆరేటప్పుడు స్ఫటికాలు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి ముడిపడి, ఈ కొస నుంచి ఆ కొస వరకు వలలా అల్లుకోవడమే దీనికి కారణమని వారు వివరించారు. ఆ తర్వాతి పరిశోధనల్లో, అవే పదార్థాలను ఆవిరి చేయకుండా వేడి ప్రెస్‌లో ఒత్తినా, ఎక్స్‌ట్రూడర్ (కరిగించిన ప్లాస్టిక్‌ను రంధ్రం గుండా బయటకు నెట్టే యంత్రం) గుండా నెట్టినా ఆ బిగువు అంతగా రాలేదు. పొడవు–వెడల్పుల నిష్పత్తి 70 అయితే వల అల్లుకోవడానికి ఘనపరిమాణంలో సుమారు 1 శాతం చాలు, 20 అయితే 3.5 శాతం కావాలి. అందుకే చిన్న స్ఫటికాలకు మోతాదు పెరుగుతుంది, మోతాదుతో పాటు గుంపులు కట్టే ముప్పూ పెరుగుతుంది. ఒకసారి ఎండి అతుక్కున్న పొడిని మళ్లీ నీటిలో పూర్తిగా విడదీయడం కష్టం. పైగా స్ఫటికాల మీది సల్ఫేట్ సమూహాలు ఆమ్ల రూపంలో మిగిలితే పొడి వేడికి త్వరగా రంగు మారుతుంది. వాటిని సోడియం లవణ రూపానికి మారిస్తే కొంత మెరుగు.

నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల అయిన హైడ్రోజెల్‌ది మరో దారి. ఇది మొదటి నుంచీ నీటిలోనే ఉంటుంది గనుక ఎండబెట్టే బెడద లేదు. మామూలు పాలీఎక్రిలమైడ్ జెల్‌ను సాగదీస్తే ఒక చిన్న పగులు క్షణంలో అంతటా పాకుతుంది, ఎందుకంటే శక్తిని మింగే మార్గం దానికి లేదు. నానోస్ఫటికాలు చేరినప్పుడు గొలుసులు వాటి ఉపరితలాన్ని బలహీన బంధాలతో పట్టుకుంటాయి. లాగినప్పుడు ఆ బంధాలు తెగుతూ, మళ్లీ కలుస్తూ శక్తిని ఖర్చు చేస్తాయి. మరింత పట్టు కావాలంటే స్ఫటికాల మీద ఆల్డిహైడ్ సమూహాలు పుట్టించి, వాటితో రసాయనికంగా బంధం ఏర్పరిచే హైడ్రజైడ్ సమూహాలు గల పాలిమర్‌తో కలపవచ్చు. సూది గుండా ఎక్కించగానే గట్టిపడే జెల్‌లు ఇలాగే తయారవుతాయి.

అయితే ఉప్పు చేరిన నీటిలో స్ఫటికాల వికర్షణ సన్నగిల్లి అవి గుంపు కడతాయి, శరీర ద్రవాలు కూడా ఉప్పు నీళ్లే. కాబట్టి వైద్యానికి ఉద్దేశించిన జెల్ బలాన్ని స్వేదన జలంలో కాకుండా, ఉప్పు ద్రావణంలో నానబెట్టిన తర్వాతే కొలవాలి.