పడక ముందే, నడక తోచినట్టు

శ్రోతలందరికీ నమస్కారం.

విదేశీ ప్రయాణం అంటే మన వైపు మొన్నమొన్నటిదాకా రెండే దారులు. పిల్లలు అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉద్యోగాల్లో ఉంటే వాళ్ల దగ్గరికి పోయి రావడం ఒకటి. ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో చేరి, గైడు జెండా ఎత్తిన చోటల్లా బస్సు దిగి ఫొటోలు తీసుకోవడం రెండోది. ఇప్పుడు మూడో దారి పడింది. కావలి, గూడూరు, ఒంగోలు లాంటి ఊళ్లనుంచి కూడా కుర్రకారూ, రిటైరైన దంపతులూ టికెట్టు తామే కొనుక్కుని, రూము తామే వెతుక్కుని బయల్దేరుతున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఇట్లా సొంతంగా బయల్దేరే ఇళ్లల్లో ఒక తెగని తగువు ఉంటుంది. మా బంధువుల్లోనే చూశాను. మా బావ బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఏ రోజు ఏ మెట్రో ఎక్కాలి, ఏ స్టేషన్లో మారాలి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ, అంతా ఎక్సెల్ షీట్లో వరసలు కట్టి, రంగులు వేసి మరీ ప్రింటు తీస్తాడు. మా తమ్ముడు ఆ కాగితం చూసి, "ఏంది బావా ఇది, ప్రయాణమా, పబ్లిక్ పరీక్షల టైంటేబులా? దిగినాక తోచిన చోటికి పోతాం. నచ్చితే ఇంకో రోజు ఉంటాం, లేదంటే బ్యాగు సర్దుకుంటాం" అంటాడు. "పోవయ్యా, పో. భాష తెలియని ఊళ్లో రాత్రి పదకొండింటికి బ్యాగు ఈడ్చుకుంటా రూము కోసం తిరిగేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి" అని బావ జవాబు.

ఇద్దరి మాటలోనూ సబబు ఉంది. కాకపోతే ఇద్దరూ దీన్ని స్వభావానికి సంబంధించిన సంగతి అనుకుంటారు. నా లెక్కన స్వభావం ఆఖర్న వస్తుంది. ముందు చేతిలో ఉన్న పాస్‌పోర్టు, ఆ తర్వాత పోయే దేశం, పోయే నెల. ప్లాను ఎంత బిగించాలో ఈ మూడే చెబుతాయి.

యూట్యూబులో విదేశీ కుర్రాళ్లు "రేపు ఏ దేశంలో ఉంటామో మాకే తెలియదు" అంటుంటే మనకు ముచ్చటేస్తుంది. ఆ ధీమాలో సగం వాళ్ల పాస్‌పోర్టుది. మన పాస్‌పోర్టుతో యూరప్ పోవాలనుకోండి. 29 దేశాలకు కలిపి షెంగెన్ వీసా ఒకటే చాలు, నిజమే. కానీ ఆ వీసాకు దరఖాస్తు పెట్టేటప్పుడే రానూపోనూ విమానం రిజర్వేషను, ఏ రాత్రి ఎక్కడ ఉంటామో ఆ కాగితాలు, కనీసం 30,000 యూరోలకు ప్రయాణ బీమా, అన్నీ జత చెయ్యాలి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. అంటే ఇల్లు కదలకముందే రాత్రుల లెక్క తేల్చుకోక తప్పదు. ఇక్కడ మా బావ గెలిచాడు.

కొందరు దీనికి అడ్డదారి చెబుతారు. ఉత్తుత్తి హోటల్ బుకింగు కాగితం ఒకటి పుట్టించి, వీసా చేతికి రాగానే వదిలేయమంటారు. ఆ పని చెయ్యొద్దు. కాన్సులేటు వాళ్లు హోటల్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే వీసా పోతుంది, ఆ మచ్చ తర్వాతి దరఖాస్తులకూ అంటుతుంది. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గదులు నిజంగానే బుక్ చేసుకోవచ్చు. ధర కొంచెం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. అయితే గడువు ఎప్పటిదాకా అన్నది ఆ ఊరి టైము ప్రకారం ఉంటుందని మరవొద్దు. జపాన్‌లో సాయంత్రం ఆరింటిదాకా రద్దు చేసుకోవచ్చని ఉంటే, మనకు ఆ గడువు మధ్యాహ్నం రెండున్నరకే అయిపోతుంది.

మరి మా తమ్ముడు గెలిచే దేశాలు లేవా? ఉన్నాయి. నేపాల్‌కు వీసా మాట అటుంచి, ఓటరు కార్డు ఉన్నా పోవచ్చు. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లను వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తోంది. ఈ వెసులుబాటు 2026 డిసెంబరు ఆఖరిదాకా ప్రకటించారు. ఇట్లాంటి రూల్సు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఆ దేశం సర్కారు వెబ్‌సైటులోనే చూసుకోండి. వీసా లేదు కదా అని చేతులూపుకుంటా పోవడానికి లేదు. దిగేముందు మూడు రోజుల్లోపల ఆన్‌లైన్‌లో రాకపోకల కార్డు నింపాలి. సింగపూర్‌కైతే వీసాతోపాటు ఆ కార్డు కూడా. అందులో ఎక్కడ ఉంటారు, చిరునామా ఏమిటని అడుగుతారు. తోచినట్టు తిరిగేవాడికైనా మొదటి రాత్రి చిరునామా కావాల్సిందే.

ఇక నెల సంగతి. దీన్ని నెల్లూరు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మొహర్రం నెలలో రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గరికి లక్షల మంది వచ్చినప్పుడు, ముందు చెప్పుకోకుండా వచ్చి బారా షహీద్ దర్గా చుట్టుపక్కల లాడ్జిలో రూము అడిగితే ఏం జవాబొస్తుందో మనకు తెలుసు. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు మొదటి వారం దాకా అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండగకు జర్మనీలోని మ్యూనిక్‌లో, పెరహెరా ఊరేగింపులప్పుడు శ్రీలంకలోని క్యాండీలో అదే కథ. వియత్నాంలో టెట్ పండగ, అంటే వాళ్ల సంవత్సరాది రోజుల్లో రైలు టికెట్లు దొరకవు, దొరికినా పోయిన ఊళ్లో అంగళ్లు మూసుంటాయి.

అన్నిటికంటే విచిత్రం బాలిది. అక్కడి హిందువులకు శక సంవత్సరాది న్యేపి. 2026లో అదీ మన ఉగాదీ ఒకేరోజు, మార్చి 19. మనకు ఉగాదంటే పచ్చడీ, పంచాంగ శ్రవణమూ, వీధంతా సందడి. వాళ్లకు ఆ రోజంతా మౌనం. దీపాలు వెలిగించరు, రోడ్డుమీద బండి తిరగదు, విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. టూరిస్టయినా సరే హోటల్ గడప దాటకూడదు. ముందే తెలిసి, తోట, కొలను ఉన్న బస చూసుకుని పోయినవాళ్లకు అది మరపురాని రోజు. తెలియక ఆ రోజుకే విమానం దిగుదామనుకున్నవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

అందుకని నా పద్ధతి నేను చెబుతాను. రాత్రులు ముందే ఖాయం చేసుకుంటాను, పగళ్లు వదిలేస్తాను. పగటి విషయంలో మినహాయింపు ఒకటే, టికెట్లు లెక్కగా ఇచ్చే చోట్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇంటికి ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి తేదీల టికెట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు. మిలాన్‌లో డావిన్చీ గీసిన చివరి విందు బొమ్మ ముందు ఒక్కో జట్టును 15 నిమిషాలే నిలబడనిస్తారు. అట్లాంటివి ముందే కొనుక్కోవాలి. మిగతా పగలంతా కాళ్లు ఎటు లాగితే అటు. స్విట్జర్లాండ్‌లో మామూలు రైళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు, టికెట్టు తీసుకుని ఏ రైలు కనపడితే అది ఎక్కొచ్చు. కిటికీలోంచి చూసి నచ్చిన స్టేషన్లో దిగిపోవచ్చు. అక్కడికి పోయి కూడా ఎక్సెల్ షీటు చూసుకుంటుంటే మా బావను నేను కూడా సమర్థించను.

రాత్రులు ఖాయం చేసుకోవడమంటే మాత్రం ఫొటోలో మంచంమీద తువ్వాలు హంసలాగా మడిచిపెట్టిన గది చూసి డబ్బు కట్టడం కాదు. నేను ముందు మ్యాపు చూస్తాను, ఆ తర్వాతే గది. కౌలాలంపూర్‌ను తీసుకోండి. విమానాశ్రయం ఊరికి నెల్లూరు నుంచి కావలి ఎంతో ఇంచుమించు అంత దూరం. మొదటి టెర్మినల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో కేఎల్ సెంట్రల్ స్టేషన్లో దించుతుంది. ఆ స్టేషన్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, మనవాళ్ల పేట. అరిటాకు భోజనం, ఇడ్లీ, కాఫీ నడిచిపోయేంత దూరంలో. జంట టవర్లు కనపడే పెద్ద హోటల్ కంటే, పెద్దవాళ్లను తీసుకుపోయేవాళ్లకు ఈ పేటలో మామూలు గదే మేలంటాను. టవర్లను రైలెక్కి పోయి చూడొచ్చు, పొద్దున్నే ఇడ్లీ కోసం రైలెక్కడమే కష్టం. పారిస్‌లో కూడా గార్ దు నోర్ స్టేషన్‌కు దగ్గర్లో లా షపెల్ దిక్కున శ్రీలంక తమిళుల అంగళ్లున్నాయి. దోసె దొరుకుతుంది.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వినండి, డబ్బు పోయే చోటు ఇదే. మద్రాసు నుంచి కౌలాలంపూర్ వైపు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్టుమీద 15వ తేదీ రాత్రి 12.30 అని ఉంటే, మనం ఎయిర్‌పోర్టుకు చేరాల్సింది 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు. నెల్లూరులో 14 సాయంత్రం ఐదింటికే కారెక్కాలి. 15న హాయిగా సర్దుకుందాంలే అనుకుంటే విమానం ఎప్పుడో పోయుంటుంది. సరే, ఎక్కాం. నాలుగు గంటల ప్రయాణం, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. పొద్దున ఏడింటికి దిగుతాం. హోటల్ వాళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో. నిద్రలేని పెద్దవాళ్లను అన్ని గంటలు లాబీలో సోఫామీద కూచోబెట్టాలా?

అట్లాంటప్పుడు 14వ తేదీ రాత్రికి కూడా గది కట్టుకోవడమే మర్యాద. ఒక రాత్రి డబ్బు ఎక్కువవుతుంది, కానీ దిగంగానే స్నానం చేసి పడుకోవచ్చు. అయితే హోటల్‌కు ఒక మెసేజి పెట్టాలి, 15 పొద్దున వస్తాం, గది ఉంచండి అని. పెట్టకపోతే 14 రాత్రి వాళ్లు మీకోసం చూసి, రాలేదని రాసుకుని, మొత్తం బుకింగే కొట్టేసే ప్రమాదం ఉంది. కుర్రవాళ్లయితే ఇంత అక్కర్లేదు. బ్యాగులు రిసెప్షన్లో పెట్టేసి ఊరు చూడటానికి పోతే సరిపోతుంది, చాలా హోటళ్లు ఊరికే ఉంచుకుంటాయి.

యూరప్‌లో చూసుకోవాల్సింది మెట్లు. పాత భవనాల్లో లిఫ్టు ఉండదు. పైగా వాళ్లు మొదటి అంతస్తు అంటే నేలమీద అంతస్తు కాదు, దాని పైది. నాలుగో అంతస్తంటే, 23 కిలోల పెట్టె మోకాళ్లకు తగులుతా నాలుగు వరసల మెట్లు ఎక్కాలన్నమాట. చిన్న హోటళ్లలో రాత్రి అయ్యేసరికి రిసెప్షన్ మూసేసి తలుపు కోడ్ మెసేజి పెడతారు. ఆ ఊళ్లో మీ ఫోన్ పనిచేస్తుందా లేదా చూసుకోండి. రివ్యూల్లో మెచ్చుకున్నవి నేను చదవను. ఈ మధ్య రాసిన తిట్లు చదువుతాను. లిఫ్టు, చప్పుడు, నల్లులు, ఈ మూడు మాటలు ఎక్కడైనా కనపడితే ఇంకో గది చూసుకుంటాను.

సొంత ఇళ్లను రోజుల లెక్కన అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటిలో ఇల్లు తీసుకుంటే వంట చేసుకోవచ్చని మన ఆడవాళ్లకూ, హోటల్ తిండి పడని మగవాళ్లకూ ఆశ. మంచిదే. కానీ సింగపూర్‌లో ప్రైవేటు ఇంటిని మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. న్యూయార్క్‌లో 30 రోజులకు తక్కువైతే ఇంటివాళ్లు కూడా ఆ ఇంట్లోనే ఉండాలి, 2023 సెప్టెంబరు నుంచి ఈ రూలును గట్టిగా అమలు చేస్తున్నారు. బార్సిలోనా 2028కల్లా టూరిస్టు ఫ్లాట్లను ఎత్తేస్తామని చెప్పింది. ఎవరో చవగ్గా ఇస్తున్నారంటే ఎందుకిస్తున్నారో ఆరా తియ్యండి. ఇల్లు దొరికినా ఎండుమిరపకాయల తాలింపు పెట్టేముందు నెత్తిమీద చూడండి, పొగ కనిపెట్టే గుండ్రటి డబ్బా ఉంటుంది. అది మోగితే భవనమంతా మెట్లు దిగి వీధిలోకి రావాల్సొస్తుంది. ఆవకాయ, కందిపొడి తీసుకుపోయేవాళ్లు ఆస్ట్రేలియాలో దిగితే ఉన్నదున్నట్టు కార్డులో రాసి చూపించాలి. దాస్తే పెద్ద జరిమానా.

డబ్బు తక్కువగా ఉన్న కుర్రవాళ్లకు, ప్రయాణికులకు పడక లెక్కన ఇచ్చే హాస్టళ్లున్నాయి. 1912లో జర్మనీలో ఆల్టెనా కోటలో రిహార్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లల విహారయాత్రల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడు పంతుళ్లూ ఉంటారు, తాతలూ ఉంటారు. ఒక గదిలో ఆరో ఎనిమిదో పడకలు, ఆడవాళ్లకు వేరే గదులు అడిగితే ఉంటాయి, తాళంకప్ప మాత్రం మనమే తీసుకుపోవాలి. జపాన్‌లో క్యాప్సూల్ హోటళ్లు కూడా చవకే, 1979లో ఒసాకాలో మొదలయ్యాయి. మనిషి పట్టేంత గూడు, పెట్టె పట్టదు. ఆడవాళ్లకు ఒక అంతస్తు, మగవాళ్లకు ఒక అంతస్తు. కొత్తగా పెళ్లైనవాళ్లు ఈ ముక్క ముందే తెలుసుకుంటే మంచిది. అదే దేశంలో పాతకాలం బస ర్యోకాన్‌లో ఉండాలనుకుంటే మాత్రం సాయంత్రం భోజనం వేళకు చేరాలి, శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. కూరగాయల పులుసులో కూడా చేపల మరుగునీళ్లే పోస్తారు.

తిరుగు ప్రయాణం మాట ఒకటి మిగిలింది. అక్కడ తెల్లవారుజామున విమానమైతే ఆఖరి రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరే బస చూసుకోండి. మద్రాసులో అర్ధరాత్రి దిగేటట్టయితే, ఇల్లు దగ్గరే కదా అని వెంటనే హైవే ఎక్కొద్దు. మెట్రో ఆ వేళకు ఉండదు, నెల్లూరు నాలుగు గంటల దారి. మద్రాసులోనే ఆ రాత్రి ఉండి, తెల్లారి సెంట్రల్‌లో రైలెక్కితే పది, పదకొండుకల్లా ఇంట్లో ఉంటారు. కారే కావాలంటే, మీకోసం వచ్చే డ్రైవరు ఆ పగలు నిద్రపోయాడా, లేక తిరుపతి ట్రిప్పు వేసి అట్నుంచి అటే వస్తున్నాడా, ముందే ఫోన్ చేసి అడగండి.

ఉంటాను, నమస్కారం.