మూడు ఫ్రీ అన్‌ఇన్‌స్టాలర్లు, ఒక పాత డీటీపీ సిస్టమ్: ఏది దేనికి పనికొస్తుంది?

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ సిస్టమ్ ఆంధ్రా బోర్డర్‌లో ఉన్న మా ఒడిశా ఊరు పర్లాకిమిడి బజార్లో ఒక డీటీపీ షాపుది. ఒడియాలో అప్లికేషన్లు, పాతపట్నం నుంచి వచ్చే తెలుగు శుభలేఖలు, పిల్లల స్కాలర్‌షిప్ ప్రింట్లు, అన్నీ దీని మీదే. షాపాయన గోల ఒకటే: "ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రావట్లేదు బాబూ."

లిస్టు తెరిచి చూడండి. డ్రైవర్ అప్‌డేటర్, పీసీ స్పీడ్ పెంచుతానంటూ ఒకటి, యాంటీవైరస్‌లు రెండు, ఎవరూ వాడని బ్రౌజరు, ఇక పీడీఎఫ్ కన్వర్టర్లయితే అడక్కండి. "ఇవి నేనెయ్యలేదు" అంటాడాయన. ఆ మాట నిజమే. ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాం కదా, మధ్యలో ఒక గడికి వాళ్లే టిక్ పెట్టి ఉంచుతారు. అలా దూరినవే ఇవన్నీ.

టూల్స్‌లోకి వెళ్లేముందు ఒక మాట. విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. విండోస్ 10లో అయితే యాప్స్ అండ్ ఫీచర్స్. సగానికి సగం చెత్త ఇక్కడే పోతుంది, ముందు ఇక్కడే తీయండి. కానీ తీసే పని చాలావరకు విండోస్ చేయదు. మామూలు ప్రోగ్రామ్ తనని తీసేసే ఫైలు, అంటే అన్‌ఇన్‌స్టాలర్, ఎక్కడుందో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చిట్టాలో, రాసి పెట్టుకుంటుంది. విండోస్ దాన్ని పిలిచి పక్కకు తప్పుకుంటుంది. ఏం తుడవాలో, ఏం వదిలేయాలో ఆ ప్రోగ్రామ్ ఇష్టం! ఎవరైనా తొందరపడి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఫోల్డర్ డిలీట్ చేసేశారనుకోండి, పిలవడానికి అన్‌ఇన్‌స్టాలరే ఉండదు, లిస్టులో పేరు మాత్రం మిగిలిపోతుంది. బయటి టూల్ అవసరం పడేది అక్కడ.

మొదటిది గీక్ అన్‌ఇన్‌స్టాలర్. ఒకే ఒక్క ఫైలు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే మామూలు అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది, తర్వాత మిగిలిపోయిన ఫోల్డర్లూ రిజిస్ట్రీ ఎంట్రీలూ చూపించి తుడవమంటావా అని అడుగుతుంది. ఇందాక చెప్పిన ఉత్త పేరు కేసుకి ఫోర్స్ రిమూవల్ ఉంది, అదీ ఫ్రీయే. ఇంట్లో వాడుకునేవాళ్లకి నా ఓటు దీనికే.

రెండోది రెవో. ఫ్రీ వెర్షన్ చాలు. దీన్లో నాకు నచ్చింది, పని మొదలెట్టే ముందే రిస్టోర్ పాయింట్ పెడుతుంది, అంటే ఏదైనా తేడా వస్తే సిస్టమ్ సెట్టింగుల్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. మిగిలినవి వెతకడానికి సేఫ్, మోడరేట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిలుంటాయి. మోడరేట్ దాటి వెళ్లొద్దు. హంటర్ మోడ్ కూడా చూడండి: పేరూ ఊరూ లేని కిటికీ ఒకటి స్క్రీన్ మీద తిష్ట వేసిందా, ఈ గురి గుర్తుని లాక్కెళ్లి దాని మీద వదిలితే అది ఏ ప్రోగ్రామ్‌దో పట్టుకుంటుంది. బాగా పనికొచ్చేది. ఫోర్స్‌డ్ అన్‌ఇన్‌స్టాల్ మాత్రం డబ్బు కట్టిన ప్రో వాళ్లకే.

మూడోది బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్, పొట్టిగా బీసీయూ. ఓపెన్ సోర్స్, పూర్తిగా ఫ్రీ. తెరవగానే రంగురంగుల గళ్లు, బటన్లు, భయపడతారు. అయినా షాపులకి ఇదే మొనగాడు. కావలసినన్నిటికి టిక్ పెట్టి వదిలేస్తే వరసగా తీసుకుంటూ పోతుంది, వీలైనచోట మధ్యలో ప్రశ్నలు కూడా అడగదు. మిగిలినవాటి పక్కన ఎంత నమ్మకంగా తుడవొచ్చో మార్కు వేస్తుంది. వెరీ గుడ్ అన్నవే తీయండి, క్వశ్చనబుల్ అన్నవాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. బీసీయూ చేతిలో ఉంటే ఊపొస్తుంది, తెలియని పేరల్లా టిక్ పెట్టేస్తాం. మన బోర్డర్ ఊళ్ల సిస్టమ్‌లలో మాత్రం తెలియని పేర్లే అన్నం పెట్టేవి. ఇదిగో, ఇది అను స్క్రిప్ట్ మేనేజర్, తెలుగు టైపింగ్‌కి. దాని కిందే ఆకృతి, ఒడియాకి. రెండూ కీబోర్డుని పట్టుకుని కూర్చుంటాయి, కాబట్టి ఒకటి తీసేద్దామనిపిస్తుంది. తీసి చూడండి! ఈ పాత ఫైళ్లు యూనికోడ్‌వి, అంటే ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాలవి, కావు. ఫాంటు ఉన్నంతవరకే అక్షరాలు. దాంతోపాటు ఫాంట్లు పోయాయంటే, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లో దాచుకున్న శుభలేఖల్లో వధువు పేరున్నచోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకే ముందు ఫాంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. రెండు కీబోర్డులు కొట్టుకుంటున్నాయంటే స్టార్టప్‌లోంచి, అంటే సిస్టమ్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవాటి లిస్టులోంచి, ఒకటి ఆపండి చాలు, తీయక్కర్లేదు.

మీ షాపు ఆధార్ పనులు చేసే సేవా కేంద్రం కూడా అయితే ఇంకో సంగతి. వేలిముద్ర మెషీన్‌ని నడిపే ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్ డ్రైవరు, ఇవి చూడ్డానికి చెత్తలాగే ఉంటాయి. తీశారా, రేపు పొద్దున్నే ఆధార్ పని ఆగిపోతుంది, బయట క్యూ ఉంటుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని సంవత్సరాలతో బోలెడు కనిపిస్తాయి కదా, అవీ అంతే. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో దాని మీద ఆధారపడుతుంది, వదిలేయండి.

రెండు యాంటీవైరస్‌ల సంగతి. ఇవి మామూలుగా తీస్తే తోక వదిలేసే రకం. ఏ కంపెనీదో చూసి, వాళ్ల సైట్లోంచే వాళ్ల రిమూవల్ టూల్ తెచ్చుకోండి. మెకాఫీకి ఉంది, నార్టన్‌కీ ఉంది. బ్రౌజర్ టూల్‌బార్లు, యాడ్స్ గుప్పించే యాడ్‌వేర్ అయితే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూ క్లీనర్ ఫ్రీగా చూసుకుంటుంది.

ఇక ఇది చూడండి, కుడివైపు కింద. "మీ కంప్యూటర్లో వైరస్‌లు" అని ఎర్రటి డబ్బా లేచింది. దీని కోసం ఎన్ని ప్రోగ్రాములు తీసినా పోదు, ఎందుకంటే ఇది ప్రోగ్రామే కాదు. దగ్గరికి తెస్తున్నా, డబ్బాలో సన్నగా ఒక వెబ్‌సైట్ పేరుంది, క్రోమ్ గుర్తుంది. ఎప్పుడో ఎవరో ఆ సైట్లో అలౌ నొక్కారు. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఆ సైటు పేరు పక్కన మూడు చుక్కలు, రిమూవ్. పోయింది. దీనికే కొందరు సిస్టమ్ ఫార్మాట్ చేసి డబ్బులు తీసుకుంటారు, ఆ సంగతి వాళ్లకే తెలియాలి.

రిజిస్ట్రీ క్లీనర్లు చూపించలేదేం అంటారా? కావాలనే. స్పీడేం పెరగదు, పొరపాటు ఎంట్రీ పోతే ప్రింటరో ఆఫీసో మొరాయిస్తుంది. పైగా క్లీనర్ అనగానే నమ్మేయక్కర్లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లో, కంపెనీ సొంత డౌన్‌లోడ్‌లోనే, హ్యాకర్లు మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) దూర్చారు.

మొత్తానికి ఈ సిస్టమ్‌లో బీసీయూతో చెత్త తీశాను, మొండికేసిన డ్రైవర్ అప్‌డేటర్‌ని గీక్ ఫోర్స్ రిమూవల్‌తో లాగేశాను. రీస్టార్ట్ అయ్యాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో స్టార్టప్‌లో మిగిలినవి చూసుకోండి. ఆ తర్వాత ఒక తెలుగు పేజీ, ఒక ఒడియా పేజీ ప్రింటు తీసి, వేలిముద్ర మెషీన్ ఉంటే ఒకసారి నొక్కి చూడండి. అన్నీ పనిచేస్తే విండోస్ సెక్యూరిటీలోకెళ్లి, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్‌లో పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్ చేయండి. పీడీఎఫ్ కన్వర్టర్ వెంట తోకలా వచ్చేవాటిలో చాలావాటిని అది గుమ్మంలోనే ఆపుతుంది.