కార్బురేటర్ విప్పే ముందు లింకేజీ చూడండి

అందరికీ నమస్కారం.

గడ్డి కోసే లాన్ మోవర్ ఇంజన్ తేడాగా నడిస్తే చాలామంది చెయ్యి ముందు కార్బురేటర్ మీదికే, అంటే పెట్రోలును గాలితో కలిపే భాగం మీదికే వెళ్తుంది. విప్పుతారు, కడుగుతారు, జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) ఊదుతారు, బిగిస్తారు. ఒక్కోసారి అది అవసరమే. కానీ హ్యాండిల్ మీది వేగం లివర్ జరిపినా వేగం మారడం లేదు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం లేదు, వేడెక్కాక నల్లపొగ వస్తోంది, వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంది అన్నప్పుడు, కారణం కార్బురేటర్ బయటే ఉండవచ్చు. రెండు సన్నని కడ్డీలు, ఒకటి రెండు స్ప్రింగులు, ఒక కేబుల్, వీటన్నిటినీ కలిపి లింకేజీ అంటారు. వీటిలో ఉన్న లోపాన్ని ఇంజన్ ఆపి ఉంచి, చేతి వేళ్లతోనే పట్టుకోవచ్చు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది అదే.

చెయ్యి పెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి, ప్లగ్‌కు తగలకుండా దూరంగా పెట్టండి. బ్లేడును చేత్తో తిప్పినా ఇంజన్ అంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఈ పని ఎప్పుడూ మానకండి. మఫ్లర్ (పొగ బయటికి పోయే డబ్బా) చల్లారనివ్వండి. మిషన్ వాల్చాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వాల్చండి, లేకపోతే ఆయిల్ అందులోకి దిగుతుంది. ఏ కడ్డీ ఏ రంధ్రంలో ఉందో, స్ప్రింగు కొక్కెం ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. ఒకే లివరుకు పక్కపక్కనే మూడు నాలుగు రంధ్రాలు ఉంటాయి. విప్పేటప్పుడు అన్నీ గుర్తుంటాయనే అనిపిస్తుంది, బిగించేటప్పుడు గుర్తుండవు.

కార్బురేటర్ గొట్టంలో రెండు గుండ్రని రేకులు ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉన్నది చోక్, ఇంజన్ వైపు ఉన్నది థ్రాటిల్. చోక్ మూసుకుంటే గాలి తగ్గి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది, చల్లని ఇంజన్ అంటుకోవడానికి అది కావాలి. ఆ మిశ్రమం ఎంత లోపలికి పోవాలో థ్రాటిల్ చూసుకుంటుంది.

ఇక్కడే అందరూ పొరపడతారు. మోటార్ సైకిల్ మీద ఏక్సిలరేటర్ తిప్పితే ఆ కేబుల్ థ్రాటిల్‌నే తెరుస్తుంది. మోవర్‌లో మీ చేతి లివరు చాలావరకు థ్రాటిల్‌ను ముట్టుకోదు. అది లాగేది గవర్నర్ స్ప్రింగును. గవర్నర్ అంటే ఇంజన్ వేగాన్ని దానంతటదే అదుపులో ఉంచే ఏర్పాటు. ఇంజన్ లోపల తిరిగే చిన్న బరువులు వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి, ఆ కదలిక గవర్నర్ ఆర్మ్ అనే చేయి ద్వారా థ్రాటిల్‌ను మూయడానికి చూస్తుంది. కొన్ని ఇంజన్లలో బరువులకు బదులు ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కవరు కింద ఒక రెక్క ఉంటుంది, ఫ్లైవీల్ విసిరే గాలికి అది కదులుతుంది. రెండింటిలోనూ గవర్నర్ మూస్తానంటుంది, స్ప్రింగు తెరుస్తానంటుంది. ఈ రెండు బలాలూ సమానమైన చోట వేగం నిలుస్తుంది. లివరుతో మీరు మార్చేది స్ప్రింగు బిగువును మాత్రమే. దట్టమైన గడ్డిలో వేగం పడిపోతే గవర్నర్ పట్టు సడలుతుంది, స్ప్రింగు థ్రాటిల్‌ను ఇంకాస్త తెరుస్తుంది, ఇంజన్ పుంజుకుంటుంది. లివరే లేని మోవర్లలో కూడా ఈ స్ప్రింగు ఉంటుంది, దాని బిగువు కంపెనీలోనే సెట్ చేసి ఉంటుంది.

ఇది అర్థమైతే మొదటి పరీక్ష మీకే తడుతుంది. ఆగి ఉన్న ఇంజన్‌లో గవర్నర్‌కు బలం ఉండదు, ఉన్నది స్ప్రింగు ఒక్కటే. కాబట్టి లివరు ఫాస్ట్‌లో పెట్టి చూస్తే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని ఉండాలి. లేదంటే స్ప్రింగు ఊడిపోయింది, లేదా సాగిపోయింది, లేదా కడ్డీ ఎక్కడో పట్టేసింది. గాలి రెక్క ఉన్న ఇంజన్ అయితే కవరు కింద ఎండుగడ్డి ఇరుక్కుని ఉంటుంది. తెరుచుకుని ఉంటే, థ్రాటిల్ లివరును వేలితో మూసి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే వంగిన కడ్డీ కోసం, ఇరుసు దగ్గర గట్టిపడిన పెట్రోలు జిగురు కోసం చూడండి. కార్బురేటర్ క్లీనరుతో కడగండి కానీ ఆయిల్ వేయకండి. కోత దుమ్మంతా దానికి అంటుకుని కొన్నాళ్లకు ముందుకంటే గట్టిగా పట్టేస్తుంది.

ఇక కేబుల్. నా లెక్కలో లివరు మాట వినకపోవడానికి ముందుగా అనుమానించాల్సింది దీన్నే. కేబుల్ పై తొడుగును ఇంజన్ దగ్గర ఒక చిన్న క్లాంపు పట్టుకుని ఉంటుంది. ఇంజన్ అదురుకు దాని స్క్రూ వదులైతే, లివరు జరిపినప్పుడు లోపలి తీగకు బదులు తొడుగే జరుగుతుంది. ఒకరిని లివరు అటూ ఇటూ జరపమని చెప్పి మీరు క్లాంపు దగ్గర చూడండి, తొడుగు కదిలిందంటే దొరికినట్టే. సరిచేయాలంటే స్క్రూ వదులు చేసి, లివరును మాన్యువల్‌లో చెప్పిన స్థానంలో పెట్టి, ఇంజన్ మీది కంట్రోల్ లివరు కూడా అదే స్థానానికి వచ్చేదాకా తొడుగును జరిపి బిగించాలి. చివర లివరు స్టాప్‌లో పెట్టి చూడటం మరచిపోవద్దు. చాలా ఇంజన్లలో ఆ స్థానంలో కంట్రోల్ లివరు ఒక రేకుకు తగిలి ఇగ్నిషన్ కాయిల్‌ను ఎర్త్ చేస్తుంది, దాంతో స్పార్క్ ఆగుతుంది. కేబుల్ కాస్త పొట్టిగా సెట్ అయితే అక్కడిదాకా వెళ్లదు, ఇంజన్ ఆగదు. తొడుగు మడత పడినా, లోపల తుప్పు పట్టినా మార్చేయండి. హ్యాండిల్‌తో కలిపి నొక్కి పట్టుకునే కడ్డీకి ఉండే కేబుల్ వేరు, అది బ్రేకుది. ఈ రెండింటినీ కలపకండి.

చోక్‌కు ఒకటే పరీక్ష. ఎయిర్ ఫిల్టర్ తీసి కళ్లతో చూడండి. లివరు చోక్‌లో ఉన్నప్పుడు రేకు పూర్తిగా మూసుకోవాలి, ఫాస్ట్‌కు రాగానే పూర్తిగా తెరుచుకోవాలి. సగంలో ఆగితే చల్లని ఇంజన్ స్టార్ట్ కాదు, లేదా వేడెక్కాక నల్లపొగ, మసి పట్టిన ప్లగ్. ఆటోమేటిక్ చోక్ అయితే వేడికి స్పందించే భాగం దాన్ని తెరుస్తుంది, ఇంజన్ వేడెక్కాక కూడా రేకు మూసే ఉంటే ఆ భాగాన్నీ దాని కడ్డీనీ అనుమానించండి. స్టార్ట్ చేసే ముందు వేలితో నొక్కే రబ్బరు ప్రైమర్ బల్బు ఉన్న చాలా ఇంజన్లలో చోకే ఉండదు, వెతకకండి.

వేగం ఊగిసలాడటం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దీన్ని హంటింగ్ అంటారు. పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడటం దీనికి ముఖ్య కారణం. సన్నని ఐడిల్ జెట్ మూసుకుపోయిందో, కార్బురేటర్ గాస్కెట్ (అతుకు మధ్య పెట్టే పలచని పొర) దగ్గర గాలి పీలుస్తోందో. అందుకే కార్బురేటర్ విప్పడం తప్పని నేననను. అయితే థ్రాటిల్ కడ్డీ చుట్టూ జుట్టులా సన్నని స్ప్రింగు ఒకటి ఉంటుంది, రంధ్రాల్లోని వదులును తీసేయడం దాని పని. అది ఊడిపోయినా, పెద్ద స్ప్రింగును పక్క రంధ్రంలో తగిలించినా ఇదే ఊగిసలాట వస్తుంది. రెండు నిమిషాల్లో చూడగలిగే వాటిని ముందు చూడండి.

అన్నీ సరిగా ఉన్నా ఈ ఊగిసలాట ఆగకపోతే గవర్నర్ ఆర్మ్ ఇరుసు మీద జరిగి ఉండొచ్చు. చాలా ఇంజన్లలో సెట్ చేసే పద్ధతి ఒకటే. ఆర్మ్ క్లాంపు నట్టు వదులు చేసి, ఆర్మ్‌ను థ్రాటిల్ పూర్తిగా తెరుచుకునే వైపు నెట్టి పట్టుకుని, ఇరుసును కూడా అదే వైపు ఆగేదాకా తిప్పి, ఆ స్థితిలోనే నట్టు బిగించాలి.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయకండి. గవర్నర్ కడ్డీ విప్పేసి ఇంజన్ నడపడం, బలం పెరుగుతుందని స్ప్రింగును లాగి బిగించడం, గట్టి స్ప్రింగు వేయడం. వేగం హద్దు దాటితే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ గోడను చీల్చుకుని బయటికి రావచ్చు. బ్లేడు సంగతి ఇంకా భయం. అమెరికా భద్రతా ప్రమాణం ఏఎన్ఎస్ఐ బి71.1 ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. 21 అంగుళాల బ్లేడు దాదాపు 3,450 ఆర్‌పీఎం దగ్గరే ఆ హద్దును తాకుతుంది. వేగాన్ని చెవితో అంచనా వేయకండి, టాకోమీటర్ (ఆర్‌పీఎం కొలిచే మీటరు) పెట్టి మాన్యువల్‌లో ఉన్న అంకెతో సరిపోల్చండి.

అంతా బిగించాక ప్లగ్ వైరు పెట్టి, స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు వేడెక్కనివ్వండి. లివరు స్లో నుంచి ఫాస్ట్‌కు జరిపితే వేగం తేలిగ్గా పెరిగి ఒకచోట నిలవాలి. ఆ తర్వాత దట్టంగా ఉన్న గడ్డిలోకి తోయండి. శబ్దం ఒక్క క్షణం బరువెక్కి, వెంటనే మళ్లీ మునుపటి వేగానికి వస్తే లింకేజీ బాగున్నట్టే. రాకుండా ముక్కుతూ ఆగిపోతుంటే, అప్పుడు కార్బురేటర్ విప్పండి.