బ్యాంక్‌లో ఒకే రోజు రెండు క్రెడిట్లు పడుతున్నాయా? యూకే కాంట్రాక్టర్లూ, ఇది చూడండి

హాయ్ అండీ, నమస్తే. ఇవాళ స్లైడ్లు ఏమీ లేవు, ఒక బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టాను, దాంతోనే మాట్లాడుకుందాం. ఇది మా ఫ్రెండ్‌ది, వాడే పెట్టుకోమన్నాడు, పేరు, నంబర్లు నల్లగా కొట్టేశాను. 2013 మార్చి. మౌస్ ఉన్న చోట చూడండి, ఒకే రోజు రెండు క్రెడిట్లు. పైది 1,000 పౌండ్లు, జీతం. కింద 5,800, అది ఐల్ ఆఫ్ మ్యాన్ అనే టాక్స్ తక్కువ ఉండే దీవిలో ఏదో ట్రస్ట్ నుంచి వచ్చింది, దాని పేరు లోన్. టాక్స్ తప్పించడానికి జీతంలో ఎక్కువ భాగాన్ని ఇలా లోన్ పేరుతో ఇచ్చే స్కీము అన్నమాట, ఇవాళ దాని గురించే.

వాడి రేటు రోజుకి 400, ఇరవై రోజులకి 8,000. మామూలు అంబ్రెల్లాలో, అంటే కాంట్రాక్టర్‌ని తన ఉద్యోగిగా చూపించి జీతం ఇచ్చే కంపెనీలో అయితే టాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ పోను అరవై శాతం చిల్లర చేతికొచ్చేది, ఈ లోన్ స్కీము వాళ్లు ఎనభై ఐదు అన్నారు, మిగతా 1,200 వాళ్ల ఫీజు. అప్పుడు రీడింగ్ అనే ఊళ్లో మేం నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, వీడొచ్చి "పెద్ద లాయరు ఒపీనియన్ ఉందంటరా, లీగలేనంట" అన్నాడు. ఆ ఒపీనియన్ కాగితం చూశావా అంటే చూళ్లేదు. మరి లోన్ ఎప్పుడు కట్టాలి అని అడిగితే ఫోన్లో అమ్మాయి నవ్విందంట. తిరిగి కట్టక్కర్లేని అప్పు ఎక్కడైనా ఉంటుందా అండీ? కానీ నేనూ అప్పుడు ఫారం తెచ్చుకున్నవాణ్నే, బద్ధకంతో నింపలేదు అంతే, తెలివి అని చెప్పుకోలేను.

ఇక చట్టం సంగతి. 2016 బడ్జెట్‌లో లోన్ చార్జ్ అని ప్రకటించారు, 2017లో చట్టం చేశారు. 2019 ఏప్రిల్ 5 నాటికి ఆ లోన్ ఇంకా తీరకుండా ఉంటే, అది ఏ సంవత్సరంలో తీసుకున్నదైనా సరే, మొత్తం 2018-19 ఆదాయం కింద లెక్క. మొదట్లో అయితే 1999 దాకా వెనక్కి వెళ్లారు. మధ్యలో 2017 జులైలో రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు, ట్రస్ట్ ద్వారా ఇచ్చినా అది జీతమే అని తేల్చేసింది. గోల పెరిగాక సర్ ఏమియస్ మోర్స్ అనే మాజీ ఆడిట్ అధికారితో రివ్యూ చేయించారు, 2019 డిసెంబర్‌లో వచ్చింది, 2010 డిసెంబర్ 9కి ముందు లోన్లు తీసేశారు, మూడు టాక్స్ సంవత్సరాలకి పంచుకునే ఆప్షన్ ఇచ్చారు.

అన్నీ ఒకే ఏడాదిలో పడితే ఏమవుతుందో క్యాలిక్యులేటర్‌లో కొడదాం. 5,800 ఇంటూ 12, అంటే 69,600. ఇలా మూడేళ్లు, 208,800. ఆ ఏడాది వేరే ఆదాయం ఏదీ లేదనుకున్నా సరే, లక్ష దాటాక పర్సనల్ అలవెన్స్, అంటే టాక్స్ పడని మొదటి భాగం, కరుగుతూ పోతుంది కదా, ఇక్కడ పూర్తిగా సున్నా. మొదటి 34,500 మీద 20 శాతం, అక్కడి నుంచి లక్షా యాభై వేల దాకా 40, ఆపైది 45. మొత్తం 79,560 పౌండ్లు. ఇంతా చేస్తే ప్రమోటర్‌కి, అంటే స్కీము అమ్మినవాడికి, కట్టిన ఫీజు వెనక్కి రాదు, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇంకో దారుణం చెప్పనా, టాక్స్ కట్టినా లోన్ కాగితం మీద అలాగే ఉంటుంది, ఆ అప్పులు కొనుక్కున్న వేరే కంపెనీలు "అసలు కట్టండి" అని కొందరికి లెటర్లు కూడా పంపాయి.

ఇది వెనక్కి వెళ్లి వేసిన టాక్సా కాదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 2019లో తీరని బాకీ మీదే కదా వేశాం అంటుంది ప్రభుత్వం. రిటర్న్‌లో చూపించాను, అప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడేంటి అంటాడు కాంట్రాక్టర్. నాకైతే రెండోదే న్యాయంగా అనిపిస్తుంది, అలాగని 85 శాతం అన్నవాణ్ని నమ్మడం కరెక్ట్ అని కాదు. ఈ లోన్ చార్జ్ పడినవాళ్లలో పది మంది ఆత్మహత్య చేసుకున్నారు అండీ, యూకే టాక్స్ శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఒప్పుకున్న లెక్కే అది. మీకు అలాంటి ఆలోచన వస్తుంటే వీడియో ఆపేసి సమారిటన్స్ అనే యూకే హెల్ప్‌లైన్‌కి 116 123 కొట్టండి, ఫ్రీ, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.

లేటెస్ట్ సంగతి, రే మెక్‌కాన్ అనే ఆయన చేసిన రివ్యూ 2025 నవంబర్ 26 బడ్జెట్‌తో బయటికొచ్చింది. ప్రభుత్వం కొత్త సెటిల్‌మెంట్ ప్రకటించింది, అందరికీ మొదటి 5,000 మాఫీ, లేట్ వడ్డీ వెయ్యరు, ప్రమోటర్ ఫీజుల కింద కొంత తగ్గింపు, మొత్తం తగ్గింపుకి 70,000 లిమిట్. ఇది ఇంకా సెటిల్ చేసుకోని వాళ్లకే, బుద్ధిగా ముందే కట్టేసిన వాళ్లకి ఏమీ లేదు, మావాడు 2020లో కట్టేశాడు, ఈ వార్త నేనే చెప్పాను, చాలాసేపు వాడేం మాట్లాడలేదు.

అన్నట్టు, పాత కథ కదా అనుకోవద్దు, ఈ స్కీములు ఇప్పటికీ నడుస్తున్నాయి, పేర్లు మార్చారు, లోన్ బదులు అడ్వాన్స్ అనో క్రెడిట్ ఫెసిలిటీ అనో. కొత్తగా వచ్చినవాళ్లు ఒక పని చేయండి. ఫోన్‌లో హెచ్‌ఎంఆర్‌సీ యాప్ తెరవండి, పీఏవైఈ ఇన్‌కమ్‌లోకి, అంటే టాక్స్ కోసి ఇచ్చే జీతం లెక్కలోకి, వెళ్లి ఈ నెల మీ అంబ్రెల్లా ఎంత జీతం చూపించిందో చూడండి. పక్కన పేస్లిప్ పెట్టుకోండి, బ్యాంక్ పెట్టుకోండి. యాప్‌లో వెయ్యి, బ్యాంక్‌లో ఏడు వేలు ఉంటే అర్థమైపోయింది కదా. అలాంటి స్కీముల, ప్రమోటర్ల పేర్లు 2022 నుంచి గవర్నమెంట్ సైట్‌లో పెడుతున్నారు, అక్కడ వెతకండి, అయితే లిస్ట్‌లో పేరు లేనంత మాత్రాన మంచిదని కాదు. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా టాక్స్ ఎగ్గొడితే మీకు పని ఇప్పించిన ఏజెన్సీ మీద కూడా పడుతుంది, కాబట్టి ఏజెన్సీనే గట్టిగా అడగొచ్చు మీరు.

హైదరాబాద్ వచ్చేశాం కదా ఇక ఎవడు అడుగుతాడు అని కామెంట్లు పెడతారు, నాకు తెలుసు. లెటర్ పాత అడ్రస్‌కి వెళ్తుంది, మీకు తెలీదు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అడ్రస్ మార్చండి, టాక్స్ అడ్వైజర్‌తో మాట్లాడండి, లోన్ అగ్రిమెంట్ ఉంటే దాచుకోండి. యూకే బ్యాంక్ అకౌంట్ క్లోజ్ చేసేముందు స్టేట్‌మెంట్లన్నీ పీడీఎఫ్ దించుకోండి. మీరిప్పుడు స్క్రీన్ మీద చూసిన ఈ పేజీ కోసం మావాడు ఆ బ్యాంక్‌కి నాలుగు సార్లు ఉత్తరం రాశాడు.