వాట్ల సంగతి తర్వాత, ముందు తలుపులు చూడండి

(చెన్నైలోని తెలుగు శ్రోతల కోసం సాగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. ఈ వారం విషయం: పాత కార్లలో సౌండ్ సిస్టమ్.)

వ్యాఖ్యాత: మొదటి కాల్ మాధవరం నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నాది 2009 నాటి చిన్న పెట్రోలు కారు. ఇంజిన్‌కు ఏ లోటూ లేదు, పాటలే వినబుద్ధి కావడం లేదు. తరచూ నెల్లూరు వెళ్తుంటాం. జీపీ రోడ్డులో ఒక షాపువాళ్లు డిక్కీలో 12 అంగుళాల వూఫర్, అదే బరువైన శబ్దాలు పలికే పెద్ద స్పీకరు, దానికో ఆంప్లిఫయర్ పెట్టుకుంటే చాలన్నారు. పెట్టించమంటారా?

సలహాదారు: ఇప్పుడు కారులో ఏమున్నాయండీ?

శ్రోత: కంపెనీ ఇచ్చిన సీడీ ప్లేయరు, ముందు తలుపుల్లో రెండు స్పీకర్లు. కాస్త సౌండ్ పెంచితే గరగరమంటాయి.

సలహాదారు: అయితే వూఫర్ మాట పక్కన పెట్టండి. ఇన్నేళ్ల ఎండకూ ఉక్కకూ స్పీకరు కోను చుట్టూ ఉండే అంచు గట్టిపడి చిట్లిపోతుంది. మీ గరగర బహుశా అదే. గాయకుడి గొంతు వినబడేది ఆ ముందు స్పీకర్ల నుంచే. గొంతే సరిగా లేనప్పుడు డిక్కీ ఎంత దడదడలాడితే ఏం లాభం? ముందు ఆ రెండు స్పీకర్లు మార్చండి. వెనక స్పీకర్ల మీద ఇప్పుడే ఖర్చు వద్దు.

శ్రోత: ఎన్ని వాట్లవి కొనమంటారు? అట్టపెట్టె మీద 300 వాట్లు అని ఉన్నవి చూశాను.

సలహాదారు: పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒక్క క్షణం తట్టుకునే గరిష్ఠం. పక్కన చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, ఆగకుండా తట్టుకునేది అంతే, అది చూడండి. స్టీరియోల ప్రచారమూ ఇంతే. 50 వాట్లు, నాలుగు ఛానళ్లు అంటారు. దాన్ని వెనక్కి తిప్పి ఫ్యూజు చూడండి. చాలావాటికి 10 ఆంపియర్లే ఉంటుంది. 12 వోల్టులతో గుణిస్తే 120. లోపలికి 120 వాట్లు వెళ్తుంటే బయటికి 200 ఎలా వస్తాయండీ? నిజంగా ఒక్కో ఛానల్‌కు వచ్చేది 15 నుంచి 20 వాట్లు. ఆ మాత్రం చాలు. తక్కువ పవరుకే బాగా పలికే స్పీకరు కావాలి, 4 ఓముల నిరోధం ఉన్నది. 2 ఓములవి ఆ స్టీరియోకు తగిలిస్తే అది వేడెక్కి పోతుంది.

వ్యాఖ్యాత: అంటే మంచి స్పీకర్లు కొని బిగించుకుంటే పని అయిపోయినట్టేనా?

సలహాదారు: ఇల్లు అలకగానే పండగ కాదండీ. అసలు పని తలుపులో ఉంది. డోర్ ప్యానెల్ ఊడదీస్తే లోపలి రేకుకు పెద్ద పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, వెనకున్న గాలిని లాగుతుంది. వెనక పుట్టిన శబ్దం ఆ రంధ్రాల్లోంచి వచ్చి ముందు పుట్టిన శబ్దంతో కలిస్తే రెండూ కొట్టుకుపోతాయి. ముందుగా పోయేది బేసే, అంటే డప్పు మోతలాంటి బరువైన శబ్దం. వూఫర్ కొనాలనిపించేది అందుకే. ఆ రంధ్రాలు మూసి, బయటి రేకు లోపలివైపు బ్యూటైల్ షీటు, అంటే అదురు ఆపే జిగురు రబ్బరు షీటు, అతికించండి. అదే స్పీకరులో బేస్ పెరుగుతుంది, రేకు అదురూ తగ్గుతుంది.

శ్రోత: షాపులో ఈ సంగతే ఎత్తలేదండీ.

సలహాదారు: ఒక్కో తలుపుకు గంటసేపు ఓపిగ్గా కూర్చోవాల్సిన పని మరి. డిక్కీలో పెట్టె పెట్టడం తేలిక. ఇంకో జాగ్రత్త: అద్దం పక్కనుంచి వాననీరు తలుపులోకి దిగుతుంది, అడుగున ఉన్న సన్నని రంధ్రాల గుండా బయటికి పోతుంది. వాటిని మాత్రం మూయనివ్వకండి. స్పీకరు కింద ఎండీఎఫ్ చెక్క రింగు కూడా వద్దు. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు అది ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు వేయించండి. కొనే ముందు స్పీకరు లోతు కొలవండి, అద్దం పూర్తిగా దించినప్పుడు వెనక అయస్కాంతానికి తగలకూడదు.

శ్రోత: వైర్లు కత్తిరించాలా?

సలహాదారు: వద్దు. మీ మోడల్‌కు సరిపడే కప్లర్, అంటే కంపెనీ వైర్లకు నేరుగా తగిలించే ప్లగ్గు, దొరుకుతుంది. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. ఒక వైపు తిరగబడితే ఒకటి ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది, మళ్లీ బేస్ పోతుంది. అనుమానం వస్తే స్పీకరు వైర్లకు 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్కసారి తాకించండి. కోను బయటికి వచ్చిందంటే బ్యాటరీ ప్లస్ తగిలిన వైరే ప్లస్. ఇదంతా చేశాక కూడా బేస్ చాలదనిపిస్తే అప్పుడు ఫోన్ చేయండి, వూఫర్ గురించి మాట్లాడుకుందాం.

వ్యాఖ్యాత: ఆవడి నుంచి ఒక సోదరి. చెప్పండమ్మా.

శ్రోత: మా కారులో టచ్ స్క్రీన్ స్టీరియో, ఆంప్లిఫయర్ పెట్టించామండీ. ఆక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నగా కుయ్యిమంటుంది, స్పీడుతో పాటు అదీ పెరుగుతుంది. పైగా వారం రోజులు బండి తీయకపోతే బ్యాటరీ చచ్చిపోతోంది.

సలహాదారు: కుయ్యిమనేది ఆల్టర్నేటర్ రొదమ్మా, ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసేది అదే. ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు ఎక్కడ బిగించారో చూడండి. రంగు మీద స్క్రూ బిగించి వదిలేసి ఉంటారు. రంగు గీకి, మెరిసే రేకుకు బిగించాలి. పవర్ వైరు ఒక వైపు నుంచి, పాట వెళ్లే వైరు రెండో వైపు నుంచి వెళ్లాలి. రెండూ కలిపి కట్టేస్తే రొద ఎక్కుతుంది.

శ్రోత: మరి బ్యాటరీ?

సలహాదారు: స్టీరియో వైర్లలో పసుపుది ఎప్పుడూ కరెంటు అందుకుంటుంది, ఎరుపుది తాళం తిప్పినప్పుడే. రెండూ కలిపేసి ఉంటే స్టీరియో రాత్రంతా మేలుకునే ఉంటుంది. అది వేరుచేయించండి. ఇంకొకటి, ఇది ఆలస్యం చేయకండి: బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్లే లావు వైరు మీద, బ్యాటరీకి జానెడు రెండు జానల దూరంలోపే ఫ్యూజు ఉండాలి. అది లేకుండా ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుందంటే మంటలే.

వ్యాఖ్యాత: చివరి కాల్ పెరంబూరు నుంచి. చెప్పండి, పెద్దాయనా.

శ్రోత: నా దగ్గర ప్రీమియర్ పద్మిని ఉంది బాబూ. పాత రేడియో పలకడం మానేసింది. మా అబ్బాయి డ్యాష్‌బోర్డు కోసి పెద్ద స్క్రీన్ పెడదామంటున్నాడు.

సలహాదారు: అరచేతిలో పట్టే బ్లూటూత్ ఆంప్లిఫయర్ తీసుకుని డ్యాష్‌బోర్డు కింద దాచేయించండి. పాట ఫోన్‌లోంచి వస్తుంది, రేడియో ఉన్నచోటే ఉంటుంది. దాని మీట పోయి ఉంటే పుదుపేట పాత సామాన్ల కొట్లలో వెతికించండి. మీ బండిలో బ్యాటరీని చార్జి చేసేది పాతకాలపు డైనమోనా, ఆల్టర్నేటరా?

శ్రోత: డైనమోనే.

సలహాదారు: అయితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చార్జింగ్ దాదాపు ఉండదు. రెండు స్పీకర్లతో సరిపెట్టుకోండి.

శ్రోత: డ్యాష్‌బోర్డు కోయనక్కర్లేదన్నమాట.

సలహాదారు: అసలే వద్దు. ఎవరైనా రంపం బయటికి తీస్తే బండి తాళాలు తీసుకుని ఇంటికి వచ్చేయండి.