వీటో పడింది సరే, డబ్బు ఎవరి చేతిలో ఉంది?

నమస్కారం. 2007 మే 1, సాయంత్రం. వైట్ హౌస్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ చేతిలో ఒక పెన్ను ఉంది. అది ఆయనది కాదు. ఇరాక్‌లో చనిపోయిన ఒక మెరీన్ సైనికుడి తండ్రి ఇచ్చింది. ఆ పెన్నుతోనే యుద్ధ ఖర్చుల బిల్లును వీటో చేశారు. దాదాపు 124 బిలియన్ డాలర్ల బిల్లు అది. డబ్బు విషయంలో బుష్‌కు పేచీ లేదు, డబ్బు కావాలని అడిగిందే ఆయన. పేచీ అంతా దానికి తగిలించిన షరతు దగ్గర. అక్టోబరు 1 కల్లా ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించడం మొదలుపెట్టాలన్నది ఆ షరతు.

అవతల, అప్పట్లో కాంగ్రెస్‌లో (అంటే అమెరికా పార్లమెంటులో) మెజారిటీ ఉన్న ప్రతిపక్ష డెమొక్రాట్లేమీ తక్కువ తినలేదు. సరిగ్గా నాలుగేళ్ల ముందు, అదే మే 1న, బుష్ విమాన వాహక నౌక మీద 'మిషన్ అకంప్లిష్డ్' అన్న బ్యానర్ ముందు నిలబడి ఇరాక్‌లో ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించారు. ఆ తేదీ చూసుకుని మరీ బిల్లు పంపారు. రెండు వైపులా కెమెరాల కోసమే ఏర్పాట్లు!

మరి వీటో పడ్డాక అమెరికా కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చగలదా? రాజ్యాంగం ప్రకారం గలదు. ప్రతినిధుల సభలోనూ, సెనేట్‌లోనూ ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది కావాలి. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన దగ్గర ద్రవ్య బిల్లును రాష్ట్రపతి తిప్పి పంపడానికే వీల్లేదు. వేరే బిల్లు తిప్పి పంపినా, పార్లమెంటు మామూలు మెజారిటీతో మళ్లీ ఆమోదిస్తే సంతకం పెట్టక తప్పదు. అమెరికాలో అలా కాదు. సెనేట్‌లో వందమందీ ఓటేస్తే, అందులో 34 మంది అధ్యక్షుడి పక్కన ఉంటే చాలు. మిగతా 66 మంది గొంతు చించుకున్నా వీటో కదలదు.

బుష్ వీటో చేసిన బిల్లు అసలు పాసైందే సెనేట్‌లో 51-46తో. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, దీనికి మూడింట రెండొంతులు ఎక్కణ్నుంచి వస్తాయి? మర్నాడు మే 2న ప్రతినిధుల సభలో ఓటింగ్ పెట్టారు. 222-203. కావాల్సింది 284. అరవై రెండు ఓట్లు తక్కువ. సెనేట్ దాకా వెళ్లే పనే లేకపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు టెన్షన్. సైనికులకు డబ్బు ఆపేస్తున్నారన్న మాట పడటానికి ఎవరూ సిద్ధంగా లేరు. నిజానికి 1861 నాటి చట్టం ఒకటి ఉంది. కాంగ్రెస్ డబ్బు మంజూరు చేయకపోయినా సైన్యం తిండి, బట్టలు, గుర్రాలకు మేత అప్పు మీద తెచ్చుకోవచ్చు. అంటే జవాన్లు ఆకలితో మాడిపోతారన్న మాటలో ఎంత నిజముందో మీరే చూడండి. కానీ టీవీ చర్చలో గుర్రపు మేత చట్టం గురించి చెబితే ఎవరు వింటారు?

చివరికి మే 24న షరతు తీసేసి బిల్లు పాస్ చేశారు. సభలో 280-142, సెనేట్‌లో 80-14. ఇందులో ఒక చిత్రం ఉంది. బిల్లును సభ ముందుకు తెచ్చింది డెమొక్రాట్ స్పీకర్ నాన్సీ పెలోసీ. ఓటింగ్‌లో ఆమే దానికి వ్యతిరేకంగా ఓటేశారు. దారీ తానే ఇచ్చి, తప్పూ తనది కాదన్నట్టు. నాకైతే ఇది వీటో కంటే పెద్ద ఓటమి అనిపిస్తుంది.

యుద్ధం విషయంలో వీటోను నిజంగానే ఓడించిన సందర్భం లేదా అంటే, ఉంది. 1973 నవంబరు 7. కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు యుద్ధం సాగించకుండా కట్టడి చేసే యుద్ధాధికారాల తీర్మానాన్ని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటో చేస్తే సభ 284-135తో, సెనేట్ 75-18తో తోసిపుచ్చాయి. అది డబ్బు బిల్లు కాదు. పైగా అందులో అధ్యక్షుడి సంతకంతో పని లేకుండా సైన్యాన్ని వెనక్కి రప్పించే వీలు ఒకటి పెట్టుకున్నారు. 1983లో వేరే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో దానికి పస లేకుండా పోయింది. అందుకే 2019లో, యెమెన్ యుద్ధంలో అమెరికా పాత్ర ఆపాలన్న తీర్మానాన్ని ట్రంప్ వీటో చేసినప్పుడు మళ్లీ అదే లెక్క. సెనేట్‌లో 53-45, వీటో నిలిచింది.

నన్నడిగితే, చూడాల్సింది అదే 1973లో, జూన్ నెల. జనవరిలో వియత్నాం యుద్ధం ఆపే పారిస్ ఒప్పందం అయిపోయింది, వియత్నాం నుంచి అమెరికా సైన్యం వచ్చేసింది. అయినా కంబోడియా మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఆ బాంబులకు డబ్బు ఇవ్వం అంటూ సెనేటర్ థామస్ ఈగిల్టన్ ఒక ఖర్చుల బిల్లుకు సవరణ తగిలించారు. జూన్ 27న నిక్సన్ వీటో. అదే రోజు సభలో 241-173. ముప్పై అయిదు ఓట్లు తక్కువై వీటోయే గెలిచింది.

ఇంతవరకూ 2007 కథే. తేడా ఇక్కడ మొదలవుతుంది. సెనేట్ నాయకుడు మైక్ మాన్స్‌ఫీల్డ్ వెనక్కి తగ్గలేదు. ఈ బిల్లు కాకపోతే ఇంకో బిల్లుకు తగిలిస్తాం, అదీ కాకపోతే మరోదానికి అన్నారు. అప్పట్లో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిసేది. సవరణను ప్రభుత్వ అప్పుల పరిమితి బిల్లుకూ తగిలించారు. ఇప్పుడు నిక్సన్ మళ్లీ వీటో చేస్తే ఆగేది బాంబులు మాత్రమే కాదు, సర్కారు ఖజానా కూడా. పైగా ఆ వారమంతా నిక్సన్ మాజీ న్యాయ సలహాదారు జాన్ డీన్, వాటర్‌గేట్ కుంభకోణాన్ని విచారిస్తున్న సెనేట్ కమిటీ ముందు కూర్చుని నిక్సన్ గుట్టు విప్పుతున్నాడు.

జూన్ 29న రిపబ్లికన్ నాయకుడు జెరాల్డ్ ఫోర్డ్ సభలో లేచి, ఆగస్టు 15 గడువుకు అధ్యక్షుడు ఒప్పుకున్నారని చెప్పారు. సభ్యులు నమ్మలేదు. ఫోర్డ్ బయటికి వెళ్లి, కాలిఫోర్నియాలో ఉన్న నిక్సన్‌కు ఫోన్ చేసి, తిరిగొచ్చి ఇప్పుడే స్వయంగా ఆయనతోనే పది నిమిషాలు మాట్లాడానన్నారు. అక్కడితో ఖాయమైంది. ఒక్క కంబోడియాకే కాదు, లావోస్, వియత్నాంలకూ అదే గడువు.

అంటే మూడింట రెండొంతులు లేకుండానే అధ్యక్షుడి మెడలు వంచారు. వీటోతో అధ్యక్షుడు ఒక బిల్లును ఆపగలడు. కాంగ్రెస్ పంపని డబ్బును రప్పించుకోలేడు. 2007లో డెమొక్రాట్ల చేతిలోనూ ఇదే తాళం చెవి ఉంది. తిప్పలేదు.

ఇక 1973 బేరంలో కాంగ్రెస్ కూడా ఒకటి వదులుకుంది. ఈగిల్టన్ సవరణ అడిగింది వెంటనే ఆపమని. దక్కింది ఆగస్టు 15. మధ్యలో ఆరు వారాలకు పైగా బాంబులకు కాంగ్రెసే ఒప్పుకున్నట్టయింది. కంబోడియాలో మెకాంగ్ నది ఒడ్డున నీక్ లువాంగ్ అని ఒక చిన్న పట్టణం. ఆగస్టు మొదట్లో ఒక బీ-52 విమానం పొరపాటున దాని మీద బాంబులు వేసింది. అమెరికా లెక్క ప్రకారమే 137 మంది చనిపోయారు. గడువుకు అప్పటికి పది రోజులు కూడా లేదు.